చెకుముకి తుపాకీ కొన్నాక పత్రిక వెతుకులాట

అమెరికాలోని సిన్సినాటిలో ఉద్యోగం చేసుకునేవాడికి మందు దట్టించి కాల్చే పాత తుపాకుల పిచ్చేమిటని మిత్రులు అడుగుతుంటారు. దీనికి కారణం మా పెదనాన్నే. చిత్తూరు జిల్లాలో వేరుశనగ చేల మీద పడే అడవిపందుల్ని తోలడానికి ఆయనకు లైసెన్సున్న ఒంటిగొట్టం మజిల్ లోడర్, అంటే గొట్టం మూతి నుంచే మందూ గుండూ దట్టించే తుపాకీ, ఉండేది. ఎన్నికలు వచ్చాయంటే దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని తిరిగొచ్చేవాడు. మమ్మల్ని తాకనిచ్చేవాడు కాదు. ఆ తాకనివ్వకపోవడమే ఇంతదాకా లాక్కొచ్చిందేమో.

ఇక్కడికొచ్చాక ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే పల్లె సంగతి తెలిసింది. సిన్సినాటి నుంచి కారులో గంట పైచిలుకు. 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్‌కు అదే కేంద్రం. జూన్‌లో, సెప్టెంబర్‌లో అక్కడ జాతీయ పోటీలు జరుగుతాయి. అక్కడ తిరిగి తిరిగి చివరికి 50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) చెకుముకి తుపాకీ ఒకటి కొన్నాను. చెకుముకి రాయి ఉక్కుకు రాసుకుని రాల్చే నిప్పురవ్వతో దీంట్లో మందు అంటుకుంటుంది. అమెరికా కేంద్ర చట్టం, 1968 నాటిది, ఇలాంటివాటిని మామూలు తుపాకుల లెక్కలో చూడదు. రాష్ట్రాల చట్టాలు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, వీసా మీద ఉన్నవాళ్ళు కొనేముందు లాయర్ని అడగడం మంచిది.

కొన్నాక మొదలయ్యాయి సందేహాలు. చెకుముకి రాయిని ఏ వైపు పైకి పెట్టి బిగించాలి? గుండుకు చుట్టే గుడ్డ ఎంత మందం ఉండాలి? పాన్‌లో (నిప్పురవ్వ పడే చిన్న గిన్నెలో) మందు గొట్టం పక్కనున్న రంధ్రాన్ని మూసేలా పోయాలా, కాస్త ఎడంగానా? వీడియోల్లో ఒకడు ఔనంటే ఇంకొకడు కాదంటాడు. నిలకడగా చెప్పే పత్రిక ఒకటి ఇంటికి తెప్పించుకుందామనుకున్నాను. మా ఆవిడ షరతు పెట్టింది: "ఒక్కటే. సింకులో తుపాకీ గొట్టం కడిగిన కంపే చాలు, మళ్ళీ పుస్తకాల గుట్టలు నావల్ల కాదండీ." ఆమె తప్పేం లేదు. నల్ల తుపాకీమందు కాల్చిన గొట్టాన్ని ఆ రోజే వేడి సబ్బునీళ్ళతో కడక్కపోతే తుప్పు పడుతుంది, కడిగితే ఇల్లంతా కుళ్ళిన గుడ్ల వాసన.

ముందు వేట పత్రికల్ని పక్కన పెట్టాను. అట్ట మీద మజిల్ లోడర్ అని ఉంటుంది, తెరిస్తే లోపలుండేది ఇన్‌లైన్ అనే ఆధునిక రకం తుపాకీ. 1985లో నైట్ కంపెనీ ఎంకే-85 వచ్చినప్పటినుంచి ఆ తరహాదే రాజ్యం. గుండు ముందునుంచే పోతుంది నిజమే, కానీ మందు అంటించడానికి షాట్‌గన్ ప్రైమర్లు, గుండుకు ప్లాస్టిక్ తొడుగులు, పైన టెలిస్కోపు. జింక సీజన్‌లో అదనంగా కొన్ని రోజులు దొరుకుతాయని కొనేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ మీద నాకు కోపం లేదు, నాకు పనికొచ్చే సంగతి ఒక్కటీ అందులో ఉండదు, అంతే. బ్యాక్‌వుడ్స్‌మన్ అనే పత్రిక చదవడానికి హాయిగా ఉంది. అడవిలో బతకడం, ఉచ్చులు, కత్తులు, గుడారాలు. తుపాకీ మాత్రం అప్పుడప్పుడూ వచ్చిపోయే చుట్టం.

మిగిలినవి రెండు. అసోసియేషన్ వాళ్ళు 1939 నుంచి వేస్తున్న మజిల్ బ్లాస్ట్స్ ఒకటి. 1974లో మొదలై, చాలా ఏళ్ళు టెక్సస్‌లోని టెక్సార్కానా నుంచి వచ్చిన మజిల్‌లోడర్ ఇంకొకటి.

కొత్త సంచిక ఒకటి కొని చూస్తే ఏ పత్రికైనా బాగానే కనిపిస్తుంది. అందుకని పాతవి వెతికాను. రేంజ్‌లో, అంటే మేం గురి సాధన చేసే మైదానంలో, పరిచయమైన ఒక పెద్దాయన గ్యారేజీలో రెండింటివీ అట్టపెట్టెల నిండా ఉన్నాయి. వారాంతాల్లో వెళ్ళి అక్కడే కూర్చుని చదివేవాణ్ణి. ఒక తుపాకీ గురించి రాసినాయన ఎంత మందు పోశాడో, ఏ రకం మందో, గుండు సైజెంతో, గుడ్డ మందమెంతో చెప్పాడా లేదా అన్నదే నా పరీక్ష. 50 క్యాలిబర్ గొట్టంలో మామూలుగా 0.490 అంగుళాల గుండు వేస్తారు, గుడ్డ 0.015 నుంచి 0.018 దాకా ఉంటుంది. ఆ చిన్న తేడాకే గుండు దిగడం, గురి కుదరడం మారిపోతాయి. ఇవేవీ చెప్పకుండా "అద్భుతంగా పేలింది" అని ముగించే వ్యాసం ఏ పత్రికలో వచ్చినా నాకు దండగే.

రెండో పరీక్ష ప్రకటనలు. నవ్వకండి, నాకు వ్యాసాలకన్నా అవే ఎక్కువ చెప్పాయి. మందు పోసుకునే కొమ్ములు చెక్కేవాళ్ళు, లాకులు (నిప్పు పుట్టించే భాగాలు) విడిగా అమ్మేవాళ్ళు, తోలుసంచులు కుట్టేవాళ్ళు, మేపుల్ చెక్క దిమ్మలు అమ్మేవాళ్ళు పేజీల నిండా ఉంటే ఆ పత్రికను ఎవరు చదువుతున్నారో తెలిసిపోతుంది. వేళ్ళు నల్లబడ్డవాళ్ళు చదివే పత్రికకే వాళ్ళు డబ్బు పెడతారు. రెండూ ఈ పరీక్ష నెగ్గాయి. అదే చిక్కు!

తేడా దృష్టిలో ఉంది. మజిల్ బ్లాస్ట్స్ గురిపెట్టి కాల్చేవాళ్ళది: పోటీల ఫలితాలు, ఊరూరా క్లబ్బుల కార్యక్రమాలు, తుపాకీ కట్టే పనితనం. ఫలితాల పట్టికలు గెలిచినవాళ్ళకు తప్ప ఎవరికీ రుచించవు, నేను తిప్పేస్తాను. మజిల్‌లోడర్‌కు తుపాకీతోపాటు ఆ కాలమంతా కావాలి. 18వ శతాబ్దంలో అమెరికా వలసల అంచున, అడవుల్లో బతికిన మనిషి ఏం తొడిగాడు, ఏం తిన్నాడు, రాత్రి ఏం కప్పుకున్నాడు, అన్నీ. అలా వేషం కట్టి అడవిలో నడిచేవాళ్ళ పత్రిక అది. చిత్తూరువాణ్ణి, నాకెందుకీ వేషమని మొదట అనిపించింది. ఫ్రెంచివాళ్ళకూ ఇంగ్లీషువాళ్ళకూ పెన్సిల్వేనియా అడవుల్లో జరిగిన యుద్ధం గురించి చదువుతుంటే 1757 అన్న సంవత్సరం కనిపించింది. బొబ్బిలి యుద్ధం జరిగిన ఏడాది! కోటను ముట్టడించిన బుస్సీ ఫ్రెంచి సేనానే. అక్కడ అడవుల్లో పోరాడిన ఫ్రెంచివాళ్ళే ఇక్కడ బొబ్బిలి మీదికీ వచ్చారు. ఆ రోజు పెద్దాయనకు బొబ్బిలి కథ చెప్పేసరికి చీకటిపడింది. తాండ్ర పాపారాయుడి దగ్గరికి వచ్చేసరికి ఆయన కాఫీ కూడా మరిచిపోయాడు.

అంత మురిసినా చివరికి మజిల్ బ్లాస్ట్సే తీసుకున్నాను. అది సభ్యత్వంతోపాటు వస్తుంది. ఆ డబ్బు నేను కాల్చే రేంజ్‌కే చేరుతుంది. పైగా ప్రస్తుతం నాకు కావలసింది గుండు ఎందుకు ఎడమకు పోతోందో తెలియడం, ఆ కాలపు చొక్కా కుట్టుకోవడం కాదు. మజిల్‌లోడర్ పెద్దాయనకు ఎలాగూ వస్తుంది. చదివాక ఆయనది నాకు, నాది ఆయనకు అని ఒప్పందం, మా ఆవిడ షరతు కూడా దాటలేదు.

పెన్సిల్వేనియాలో 1974 నుంచి చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా ఒక వేట సీజన్ నడుపుతున్నారు, ఇప్పుడది క్రిస్మస్ తర్వాత వస్తుంది. మంచులో, తడిలో, పాన్‌లో మందు పొడిగా కాపాడుకుంటూ. దానికి వెళ్దామని పెద్దాయన అడుగుతున్నాడు. వెళ్తే మాత్రం వచ్చే ఏడు చందా మజిల్‌లోడర్‌కు మారుతుంది, చొక్కా కూడా కుట్టించుకోవాల్సిందే.