అలలు లేనిచోటే భయం

ఆదివారం, విశాఖపట్నం.

సెలవు కదా, ఆర్కే బీచ్ నిండిపోయింది. తెల్లారకముందే వాకింగ్ వాళ్లు, పది దాటాక బస్సుల్లో దిగిన పొరుగూళ్ల వాళ్లు, ఎండ తగ్గాక పిల్లాపాపలతో ఊరి జనం. మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతుంటే, చెప్పులు మెట్ల దగ్గర వదిలేసినవాళ్లు తిరుగుదారిలో గెంతులే గెంతులు.

నీళ్ల దగ్గర జనం చూసేది అలల్నే. అలలు విరుచుకుపడేచోట భయపడి, పక్కనే నురగ లేకుండా నెమ్మదిగా ఉన్నచోట పిల్లల్ని దింపుతారు. ప్రమాదం అక్కడే. ఒడ్డుకు ఎక్కిన నీరు నీళ్లకింది ఇసుక మేటల మధ్య సందు చూసుకుని వెనక్కి పోతుంది. ఆ సందులో లోతెక్కువ, అందుకే అల విరగదు. నీళ్లు పక్కవాటికన్నా ముదురు రంగులోనో, ఇసుకతో బురదగానో ఉండి, నురగ సముద్రంవైపు జారుతుంటే అది రిప్ కరెంట్. చిక్కుకుంటే దానికి ఎదురీదకూడదు, గజ ఈతగాడైనా అలిసిపోతాడు. అది లోపలికి లాగుతుందే గానీ కిందికి ముంచదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యాలి. ఈత వస్తే ఒడ్డు వెంబడే పక్కకు ఈది, అలలు విరిగేచోటికి చేరి అక్కణ్నుంచి బయటికి రావాలి. ఒడ్డునున్నవాళ్లు వెంటనే దూకెయ్యకుండా లైఫ్‌గార్డును పిలిచి, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యానైనా విసరాలి.

మోకాళ్ల లోతు చాల్లే అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఒడ్డు ఏటవాలు, నాలుగడుగులకే నడుము లోతు రావచ్చు. వెనక్కి పోయే అల మడమల కింద ఇసుక తోడేస్తుంది, అదే క్షణంలో తడిసిన చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. పైగా ఈ వాలు ఏటా ఒకేలా ఉండదు. తీరం వెంట ఉత్తరానికి రావాల్సిన ఇసుకను పోర్టు ఔటర్ హార్బర్ గోడలు ఆపేస్తాయి, పోర్టువాళ్లు డ్రెడ్జింగ్‌లో నీటి అడుగునుంచి తవ్విన ఇసుక తెచ్చి ఇటు పోస్తుంటారు. పోటు వేళ కూడా రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే వారం తిరిగేసరికి అదే సాయంత్రం ఐదింటికి పోటుకు బదులు ఆటు. కిందటి ఆదివారం పొడిగా ఉన్న బండ మీద ఇవాళ సెల్ఫీకి ఎక్కితే పాచి, దాని మీద అల.

స్నానమే కావాలంటే రుషికొండ నయం. 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రతకూ భద్రతకూ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన బీచ్ అది. షవర్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. అక్కడైనా గుర్తులు పెట్టిన హద్దు దాటొద్దు.

ఫొటోల సంగతి చిన్నదే. మనది తూర్పు తీరం, పొద్దున సముద్రం వెనక పెట్టి తీస్తే మొహాలు నల్లగా వస్తాయి. మూడు దాటాక ఎండ ఊరివైపు నుంచి పడుతుంది, అప్పుడు మొహమూ నీలమూ రెండూ బాగుంటాయి.

మురీ మిక్చర్ మాత్రం బండి దగ్గరే నిలబడి తినెయ్యాలి. టమాటా, నిమ్మరసం తడికి మరమరాలు మెత్తబడతాయి, ఆ మీద సముద్రపు గాలి. పొట్లం కట్టించుకుని కుర్సురా జలాంతర్గామి మ్యూజియం క్యూలో నిలబడితే మిగిలేది ముద్ద. ఆ జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, పొడవు 91 మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాల్లో వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బయటి నుంచే చూపించడం మేలు. చీకటిపడ్డాక కూడా క్యూ తరగలేదు, రేపు సోమవారం దానికి సెలవు మరి.