ఇవ్వగలరా అని అడిగిన చోట

నిన్న చీర కొనడానికి భూదాన్ పోచంపల్లి వెళ్లాం, ఇంటికొచ్చాక కూడా చీర కన్నా అక్కడి వినోబా మందిరమే మనసులో తిరుగుతోంది. 1951 ఏప్రిల్ 18. తెలంగాణలో భూమి కోసం తుపాకులు పేలుతున్న రోజులు, ఒకవైపు కమ్యూనిస్టు దళాలు, ఇంకోవైపు పోలీసులు, అలాంటి చోటికి గాంధీ శిష్యుడు వినోబా భావే నడుచుకుంటూ వచ్చి దళితులను మీకేం కావాలని అడిగారు. 80 ఎకరాలుంటే బతుకుతామన్నారు వాళ్లు. ప్రభుత్వానికి చెప్తానని వెళ్లిపోవచ్చు కదా, ఆయన అక్కడున్న ఊరివాళ్లనే అడిగారు, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు.

అలా మొదలై తర్వాత దేశమంతా సాగిన భూదాన ఉద్యమంలో వచ్చిన భూమిలో సాగుకు పనికిరానిది చాలా ఉంది, కొంత పేదల చేతికి చేరనే లేదు, అది దాచాల్సిన పనిలేదు. కానీ గట్టిగా అరిచేవాళ్లనే నాయకులు అనుకుంటున్న ఈ రోజుల్లో, ఎదుటివాడిలో మంచి ఉందని నమ్మి అడగడానికి ఎంత ధైర్యం కావాలో నాకు నిన్నే అర్థమైంది.

గట్టు పక్కన రెండు గుంటల కోసం మా అన్నయ్యకూ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు. కోర్టుకు వెళ్దామన్నది నేనే. పొద్దున ఫోన్ చేశాను, ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ చేస్తాను.