సీనియర్లే అమ్మానాన్నలు

అక్టోబరు, సోమవారం పొద్దున. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో నేను పనిచేసే కేఫ్‌కి ఒక అమ్మాయి ఇస్త్రీ బల్ల చంకన పెట్టుకుని వచ్చింది. ఒంటికి ఎర్రటి పీత వేషం, బల్ల మీద మార్కర్‌తో రాసిన లాటిన్ వాక్యాలు. మన కాలేజీల్లో చదివినవాణ్ణి. కొత్త విద్యార్థి వింత వేషంలో కనబడితే ర్యాగింగ్ కాక ఇంకేం గుర్తొస్తుంది? "ఎవరు చేయిస్తున్నారమ్మా ఇదంతా? ఫిర్యాదు చేయకపోయావా?" అన్నాను.

"వేషం మా అమ్మ వేసింది. బల్ల మా నాన్న ఇచ్చాడు. మావాళ్ళ గురించి అలా మాట్లాడకండి" అని ముఖం మీదే అనేసింది.

ఆ అమ్మా నాన్నా మూడో ఏడాది విద్యార్థులు! 1413 నాటి ఈ యూనివర్సిటీలో సీనియర్లు కొత్తవాళ్ళను దత్తత తీసుకుంటారు. పూర్వం పిల్లలు కృతజ్ఞతగా ఒక పౌను బరువు ఎండుద్రాక్ష ఇస్తే పెద్దలు లాటిన్‌లో రసీదు రాసిచ్చేవారు. ఇప్పుడు ద్రాక్షకు బదులు వైన్ సీసా, కాగితానికి బదులు ఇస్త్రీ బల్ల లాంటి ఏదో ఒక వస్తువు. ఆ రసీదు మోసుకుంటూ వెళ్ళి, పచ్చిక మీద అందరూ నురగ చల్లుకుంటారు. మిగతా బ్రిటన్‌కి వీళ్ళు ఫ్రెషర్లు. ఇక్కడ మాత్రం అబ్బాయి బీజంట్, అమ్మాయి బీజంటైన్. పసుపు ముక్కు పిట్టపిల్ల అనే ఫ్రెంచి మాట అలా మారిందట.

ముచ్చటగానే ఉంది. కానీ ఈ సోమవారానికి ముందురోజు రాత్రి ఆ సీనియర్ నాన్నగారింట్లో విందు ఉంటుంది. విందంటే చాలాచోట్ల తాగుడే. ఆ గ్లాసు వద్దనడం పద్దెనిమిదేళ్ళ పిల్లకు అంత తేలికా? ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ నిషేధానికి చట్టమే చేసుకోవలసి వచ్చింది, నిజమే. అయినా మా సీనియర్లను వదులుకోలేను. పేరు, ఊరు, ర్యాంకు పదిసార్లు చెప్పించి నిలబెట్టిన అన్నే పరీక్షల ముందు తన రికార్డులిచ్చాడు, జ్వరమొస్తే మెస్ నుంచి చారన్నం తెచ్చాడు. రసీదు ఇవ్వలేదు, అడగనూ లేదు. కాకపోతే మాకు ముందు భయం, తర్వాత ప్రేమ. ఇక్కడ అమ్మ ఇంట్లో ముందు టీ ఇస్తారు. ఆ వరుసే నన్ను పీకుతోంది.

ఇక్కడికొచ్చే మన పిల్లలు ఎక్కువగా ఏడాది మాస్టర్స్‌వాళ్ళు. వాళ్ళ ఫ్రెషర్స్ వారమంతా గది వెతుక్కోవడానికే సరి. పక్క ఊరు డండీలో బస్సు దిగి ఎవరో ఒక అన్నకు ఫోను చేస్తారు. అతను ముందు ఏ ఊరని అడుగుతాడు, తర్వాత కుక్కర్ అప్పిస్తాడు.