ఎంబీఏ సమ్మర్స్‌లో ఫైనాన్స్ రోల్ కావాలంటే డిగ్రీలోనే మొదలుపెట్టండి

నిన్న సాయంత్రం మా సమ్మర్స్ (ఎంబీఏ ఫస్టియర్ అయ్యాక వేసవిలో చేసే ఇంటర్న్‌షిప్) సెలక్షన్ లిస్ట్ వచ్చింది. ఒక బ్యాంకులో క్రెడిట్ రీసెర్చ్ (కంపెనీలు అప్పు తీర్చగలవా అని చూసే పని) ఇంటర్న్‌షిప్ నాకు వచ్చింది! నాన్నకి ఫోన్‌లో చెప్తుంటే మాట రాలేదు. ఈ సంతోషంలోనే రాసేస్తున్నాను, బి.కాం. చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం.

ఎంబీఏ ఎంట్రన్స్ క్యాట్ గురించి నేను చెప్పేదేం లేదు, మీకే బాగా తెలుసు. ఆ తర్వాత సంగతే చాలామందికి తెలీదు. జూన్‌లో క్యాంపస్‌లో చేరతాం, అక్టోబర్, నవంబర్ కల్లా సమ్మర్స్ ఇంటర్వ్యూలు వచ్చేస్తాయి. పని చేసేది ఏప్రిల్‌లో, ఎంపిక మాత్రం అంత ముందే. అప్పటికి క్లాసులో కార్పొరేట్ ఫైనాన్స్ సగం కూడా అవ్వదు, ఇక వాల్యుయేషన్ (కంపెనీ విలువ కట్టడం) చాలా చోట్ల సెకండియర్ ఎలక్టివ్. మరి సీవీలో ఏం రాస్తారు? డిగ్రీలో చేసిందే రాయాలి.

నన్ను గట్టెక్కించింది కంపెనీల యాన్యువల్ రిపోర్టులు. ఫస్టియర్‌లోనే హెరిటేజ్, దొడ్ల డెయిరీల రిపోర్టులు చదవడం మొదలుపెట్టాను. రెండూ హైదరాబాద్ కంపెనీలే, పైగా నాన్న రోజూ కేంద్రంలో పాలు పోస్తారు కాబట్టి ఆ వ్యాపారం కొంచెం అర్థమయ్యేది. ఇంటర్వ్యూలో మీకు నచ్చిన రంగం చెప్పమన్నారు, డెయిరీ అన్నాను. "పాలు ఇవాళ కొని రేపు అమ్మేస్తారు కదా, మార్చి బ్యాలెన్స్ షీట్‌లో అంత ఇన్వెంటరీ (సరుకు నిల్వ) ఎందుకు?" అని అడిగారు ఒక మేడం. చలికాలంలో పాడి ఎక్కువండీ, మిగిలిన పాలని పౌడర్, వెన్న చేసి ఉంచుతారు, ఎండాకాలంలో పాలు తగ్గినప్పుడు వాడతారు, ఆ నిల్వల కోసం తెచ్చిన షార్ట్ టర్మ్ అప్పు కూడా అప్పుడే ఎక్కువ ఉండొచ్చు, కాబట్టి మార్చి అంకె ఒక్కటే చూసి కంపెనీ అప్పుల్లో పడిందనుకోకూడదు, సెప్టెంబర్‌ది కూడా పక్కన పెట్టుకుని చూడాలి అన్నాను. మేడం పెన్ను పక్కన పెట్టి వినడం మొదలుపెట్టారు. నాకు వచ్చేసిందని అప్పుడే అనిపించింది.

తర్వాత అందరినీ అడిగే డిప్రిసియేషన్ (మెషిన్ల లాంటి ఆస్తుల విలువ ఏటా తగ్గినందుకు రాసే ఖర్చు) ప్రశ్న. అది 100 పెరిగితే, టాక్స్ 25 శాతం అనుకుంటే, లాభం 75 తగ్గుతుంది, టాక్స్ తగ్గినందుకు నగదు 25 పెరుగుతుంది, ఆస్తుల్లో 100 పోయి 25 వచ్చి నికరంగా 75 తగ్గితే అటు రిజర్వుల్లోనూ 75 తగ్గి టాలీ అవుతుంది. దీన్ని బట్టీ పట్టకండి, వెంటనే "అదే మెషిన్ అప్పు చేసి కొంటే?" అంటారు.

మిగతావి మామూలే. ఎక్సెల్ మౌస్ లేకుండా వాడటం, ఎన్‌ఐఎస్‌ఎం (సెబీ పెట్టిన శిక్షణ సంస్థ) ఇచ్చే రీసెర్చ్ అనలిస్ట్ సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే వాల్యుయేషన్ ప్రొఫెసర్ అశ్వథ్ దామోదరన్ గారి క్లాసులు.

డిగ్రీలో నన్ను ఫెస్టులకి రాదు, సినిమాలకి రాదు, ముందు క్యాట్ సంగతి చూసుకోకుండా ఈ రిపోర్టులేంటి అన్నవాళ్లున్నారు. నేనేం కోల్పోలేదు. నాకది నిజంగా నచ్చింది. పెద్ద కాలేజీ పేరు, ఇంగ్లిష్ మీడియం చదువు లేని మనలాంటి వాళ్లకి రోజుకో గంట చొప్పున రెండు మూడేళ్లు కూడబెట్టుకోవడం తప్ప వేరే దారి ఏముంది చెప్పండి? మూడ్ ఉన్న రోజే చదువుతానంటే కుదరదు, పండగ రోజైనా ఆ గంట కూర్చోవాల్సిందే.

సెప్టెంబర్ క్వార్టర్ ఫలితాలు ఇప్పుడే వస్తున్నాయి, కంపెనీలకి నవంబర్ 14 దాకా గడువుంది. వాటితో పాటు అర్ధ సంవత్సరం బ్యాలెన్స్ షీట్ కూడా ఉంటుంది. మీ ఊళ్లో మీరు కళ్లారా చూసిన వ్యాపారం ఒకటి ఎంచుకోండి, ఆ రంగంలో స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ ఏదో వెతికి, బీఎస్‌ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్) సైట్‌లో దాని మార్చి, సెప్టెంబర్ అంకెలు పక్కపక్కన పెట్టి ఈ వారమే చూడండి.