తాబేలుకి ఇచ్చే మాట

కుక్కపిల్లను తెచ్చుకుందామని మేం ఎట్టకేలకు ఒప్పుకుంటే మావాడు వద్దన్నాడు. అప్పటిదాకా కుక్క కావాలని మా వెంటపడింది వాడే. అడిగినప్పుడల్లా "ఇండియా వెళ్ళినప్పుడు దాన్నెవరు చూస్తారు?" అంటూ దాటేస్తూ వచ్చింది మేమే. ఈలోగా వాడు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో తాబేళ్ళ గురించి చదివి మనసు మార్చుకున్నాడు. "కుక్క పన్నెండేళ్ళో పదమూడేళ్ళో ఉంటుందమ్మా. నా కాలేజీ అయ్యేసరికి పోతుంది. తాబేలైతే నాతోపాటే పెద్దదవుతుంది" అన్నాడు.

పదేళ్ళ పిల్లవాడు ఇలాంటి కారణం చెబుతాడని నేను అనుకోలేదు. మెత్తగా ఉంటుందనో, పిలిస్తే పరిగెత్తుకొస్తుందనో, స్నేహితుల ఇళ్ళల్లో ఉందనో అడుగుతారు పిల్లలు. వీడికి కావలసింది ఎక్కువకాలం ఉండేది. ఎందుకలా అనిపించిందో నాకు అప్పుడు తట్టలేదు.

ఆ సంగతికి వస్తాను. దానికంటే ముందు తాబేలు గురించి కొన్ని చెప్పాలి. అరవదు, వాకింగ్‌కి తిప్పనక్కర్లేదు, సోఫాల నిండా బొచ్చు రాలదు అనుకుని తాబేలుకి తేలిగ్గా ఒప్పుకునే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళ పిల్లల కోసం కాకపోయినా ఆ తాబేలు కోసమైనా ఇవి తెలియాలి.

అమెరికాలో ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది రెడ్ ఈర్డ్ స్లైడర్ అనే నీటి తాబేలు. కళ్ళ వెనక ఎర్రటి చార ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది. ఆడదైతే డిప్ప 10 నుంచి 12 అంగుళాల దాకా పెరుగుతుంది. డిప్ప పొడవులో ప్రతి అంగుళానికీ 10 గ్యాలన్ల నీళ్ళు కావాలన్నది పెంచేవాళ్ళు చెప్పే లెక్క. అంటే పూర్తిగా ఎదిగినదానికి 100 గ్యాలన్ల ట్యాంకు ఉండాలి. ఆ నీళ్ళ బరువే 800 పౌండ్లు దాటుతుంది. అద్దె ఇల్లు మారినప్పుడల్లా దాన్ని ఖాళీ చేసి, మోసుకెళ్ళి, మళ్ళీ నింపి, నీళ్ళు సరైన వేడికి వచ్చేదాకా తాబేలుని ఎక్కడో జాగ్రత్తగా ఉంచాలి. ఉద్యోగం మారిందనీ, మంచి స్కూలుందనీ ఇళ్ళు మారుతూ ఉండే మనకి ఇది చిన్న పని కాదు.

నీళ్ళలోంచి పైకొచ్చి ఒళ్ళు కాచుకోవడానికి దానికొక గట్టు ఉండాలి. గట్టు మీద 90 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లో వేడి, నీళ్ళలో 75 నుంచి 80. పైన యూవీబీ లైటు తప్పనిసరి, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలనిచ్చే లైటు. ఆ కిరణాలు పడకపోతే ఒంట్లో డి3 విటమిన్ తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకలకి పట్టదు, డిప్ప మెత్తబడి వంకరపోతుంది. కిటికీ పక్కన పెడితే సరిపోదు, గాజు అద్దం యూవీబీని ఆపేస్తుంది. ఇంకో సంగతి, బల్బు బాగానే వెలుగుతున్నా ఆరు నెలలకో ఏడాదికో అందులో యూవీబీ తగ్గిపోతుంది. అది కంటికి తెలియదు, తేదీ రాసిపెట్టుకుని మార్చేయాల్సిందే. కళ్ళు ఉబ్బినా, ఒక పక్కకి ఒరిగి ఈదుతున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా సరీసృపాలను చూసే డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్ళాలి. మామూలుగా కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లలో చాలామంది తాబేళ్ళని చూడరు. అలాంటి డాక్టరు మీ దగ్గర్లో ఉన్నారో లేదో ముందే కనుక్కోవడం మంచిది.

డిప్ప తాబేలు ఇల్లని పిల్లలకి చెబుతుంటాం. అది దాని ఒళ్ళే. వెన్నెముక, పక్కటెముకలు డిప్పలో కలిసిపోయి ఉంటాయి. తడితే దానికి తెలుస్తుంది. మా ఇంటికొచ్చిన పిల్లలెవరైనా వేళ్ళతో దాని వీపు మీద కొడితే మావాడు ఊరుకోడు. "నీ వీపు మీద కొడితే ఎలా ఉంటుంది?" అని నిలదీస్తాడు. మామూలుగా నలుగురిలో గొంతు పెగలని పిల్లవాడు వాడు.

చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు మాత్రం ఇంకో మాట వినాలి. 4 అంగుళాల కంటే చిన్న తాబేళ్ళని పెంచుకోవడానికి అమ్మడం అమెరికాలో 1975 నుంచీ నిషేధం. కారణం సాల్మొనెల్లా. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటిమీదా, దాని నీళ్ళలోనూ ఆ బ్యాక్టీరియా ఉండొచ్చు. చిన్న తాబేళ్ళని పిల్లలు నోట్లో పెట్టుకునేవారు, ముట్టుకున్న చేతులు నోట్లో పెట్టుకునేవారు, జబ్బుపడేవారు. అయిదేళ్ళలోపు పిల్లలు, 65 దాటిన పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో తాబేలు వద్దనే ఇక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది. మావాడు చిన్నవాడు కాదు కాబట్టి ఒప్పుకున్నాం. అయినా ట్యాంకు సామాను వంటింటి సింకులో కడగనివ్వను. తాబేలుని ముట్టుకుని చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏ గిన్నె మీదా చెయ్యి వేయనివ్వను. మా అమ్మానాన్నలు వచ్చి ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎక్కడుంచాలన్నది ఇంకా తేలలేదు.

కొత్తది కొనకుండా, ఎవరో వదిలేసినదాన్ని తెచ్చుకుందామన్నది మా ఆయన మాట. తాబేళ్ళని తీసుకునే రెస్క్యూ సంస్థ ఒకటి దొరికింది. అక్కడి తొట్లన్నీ ఇలాంటి స్లైడర్లతోనే నిండి ఉన్నాయి. పెద్దవయ్యాయని కొందరు, ఊరు మారుతున్నామని కొందరు వదిలేసి వెళ్ళినవి. పెంచుకోవడానికి ఇచ్చే ముందు ఒక ఫారం నింపమన్నారు. ట్యాంకు ఎంతది, లైటు ఏది, డాక్టరు ఎవరు అన్నవాటికి మావాడే చకచకా చెప్పాడు. తర్వాతి ప్రశ్న, మీరు వేరే రాష్ట్రానికో దేశానికో వెళ్ళాల్సివస్తే ఈ జంతువుని ఏం చేస్తారని.

మా ఆయన పెన్ను పట్టుకుని నావైపు చూశారు. మావాడు మా ఇద్దర్నీ చూసి, "ఇది నలభై ఏళ్ళు కూడా బతకొచ్చు. అప్పటికి మీరు ఇండియాలో ఉంటారు కదా. నేనెక్కడుంటాను?" అన్నాడు.

బాధపడుతూ అడగలేదు. ఫారంలో రాయాలి కాబట్టి అడిగాడు. నాకు కాసేపు మాట రాలేదు.

"వెళ్ళిపోదాం" అన్న మాట మా ఇంట్లో ఎప్పుడూ ఉంటూనే ఉంది. చలి ముదిరితే అంటాం, ఆఫీసులో ఇబ్బందొస్తే అంటాం, అక్కడ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే అంటాం. పియానో కొందామనుకున్నప్పుడు, పెరట్లో చెట్టు నాటదామనుకున్నప్పుడు కూడా "ఎలాగూ వెళ్ళిపోతాం కదా" అని ఆగిపోయాం. ఆ మాటకి తేదీ లేదని మా ఇద్దరికీ తెలుసు. కారు వెనక సీట్లో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? వాడు దాన్ని జరగబోయేదానిగానే విన్నాడు. వాడు పుట్టింది ఇక్కడే. వాడి లెక్కలో మేం ఏదో ఒకరోజు వెళ్ళిపోతాం, వాడి సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. ఎక్కువకాలం ఉండే జంతువు కావాలని ఎందుకడిగాడో నాకు అప్పుడు అర్థమైంది.

ఇకమీదట ఆ మాట వాడి ముందు అనకూడదని చాలాసార్లు అనుకున్నాను. మానలేకపోతున్నాను. మానాలని కూడా నాకు లేదేమో. ఆ ఆశే లేకపోతే కొన్ని చలికాలాలు నేను గడపగలిగేదాన్ని కాదు. పిల్లవాడికి కాళ్ళ కింద గట్టి నేల ఉండాలి. నాకేమో తిరిగి వెళ్ళే దారి తెరిచే ఉండాలి. ఈ రెండింటిలో ఏదీ తప్పని నేను అనుకోను.

తీసుకెళ్ళిపోవచ్చు కదా అంటారు. కుక్కనో పిల్లినో వెంట తీసుకెళ్ళడానికి ఇండియాలో ఒక పద్ధతి ఉంది. తాబేలుని అలా సామానుతో పట్టుకెళ్ళడం కుదరదు. ఏ చెరువులోనో వదిలేయడం అసలు తలపెట్టకూడని పని. మిసిసిపీ నది పరివాహక ప్రాంతం దీని పుట్టిల్లు. పెంపకానికని లోకమంతా తీసుకెళ్ళారు, పెద్దదయ్యాక కాలవల్లో వదిలేశారు. అక్కడ పుట్టిపెరిగిన తాబేళ్ళకి తిండీ, ఎండ కాచుకునే చోటూ కరువయ్యాయి. యూరోపియన్ యూనియన్ 1997లో వీటి దిగుమతి ఆపేసింది, 2016లో హాని చేసే పరాయి జాతుల జాబితాలో చేర్చింది. మన దేశంలోనూ ఇలా వదిలేసినవి నీళ్ళల్లో కనిపిస్తున్నాయి. అందులో తాబేలు తప్పేమీ లేదు. అది ఎక్కడికీ తనంతట తాను వెళ్ళలేదు.

మావాడు ఇవన్నీ విని అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న సెయింట్ హెలీనా ద్వీపంలోని జొనాథన్ కథ చెప్పాడు. అది నేలమీద తిరిగే పెద్ద తాబేలు. 1832 ప్రాంతంలో పుట్టి ఉంటుందని అంచనా. 1882లో సీషెల్స్ నుంచి ఓడలో ఆ ద్వీపానికి తెచ్చారు. అంటే దానికి యాభై ఏళ్ళప్పుడు దేశం మారింది. గవర్నరు బంగళా తోటలో ఉంటుంది. గవర్నర్లు వస్తున్నారు, పోతున్నారు, అది అక్కడే ఉంది. ముసలితనంలో చూపు పోయింది, వాసన తెలియడం లేదు, చేత్తో తినిపిస్తారు. "వాళ్ళలో ఎవ్వరూ దాన్ని మొదటినుంచీ చూసుకోలేదమ్మా. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చూసుకున్నారు" అన్నాడు.

దాన్నిబట్టే ఫారంలో రాశాం. మేం వెళ్ళాల్సివస్తే ఫలానావాళ్ళు చూసుకుంటారని మా స్నేహితుల పేరు, వాళ్ళనడిగి రాశాం. తాబేలుని తెచ్చుకునే ఎవరికైనా నేనిచ్చే సలహా అదే, రెండో ఇల్లు ముందే చూసుకోండి. అంటున్నానే గానీ, ఆ స్నేహితులూ మనవాళ్ళే. వాళ్ళింట్లోనూ చలి ముదిరితే అదే మాట వినిపిస్తుంది. వాళ్ళ తర్వాత ఎవరు? మావాడు ఆ గడి కింద తన పేరు రాశాడు, పెద్దయ్యాక తన దగ్గరే ఉంటుందని. సంస్థవాళ్ళు అది చూసి ఏమీ అనలేదు. ముందు కాళ్ళకి పొడుగాటి గోళ్ళున్న మగ తాబేలుని ఇచ్చారు. దానికి ఎన్నేళ్ళో వాళ్ళకీ తెలియదు.

మొన్న వీడియోలో అమ్మకి వాడు దాన్ని చూపించాడు. ఎన్నాళ్ళు బతుకుతుందని అడిగింది. "ఇంకా ముప్ఫై ఏళ్ళు బతకొచ్చు అమ్మమ్మా" అన్నాడు. అమ్మ ఫోను నాకివ్వమని, "అయితే మీరిక అక్కడేనామ్మా?" అంది.

"అదేం లేదమ్మా, వచ్చేస్తాం" అన్నాను. ఊరికే అన్న మాట కాదు. తాబేలుని ఎవరికీ వదిలేయం అని అంతకుముందే మావాడికి చెప్పాను, అదీ ఊరికే చెప్పలేదు. పక్కనే నిలబడి వాడు రెండూ విన్నాడు. ఎలా కుదురుతుందని అడగలేదు. అడిగిననాడు ఏం చెప్పాలన్నది మా ఆయనా నేనూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఒక్కో రాత్రి ఒక్కో రకంగా తేలుతోంది.