ఏ ఇబ్బందీ పెట్టని పిల్లలు

అమెరికా స్కూళ్ళలో మన పిల్లల రిపోర్టు కార్డుల మీద టీచర్లు తరచుగా రాసే మాట ఒకటుంది. "మీ పాప మా క్లాసులో ఉండటం సంతోషం. చెప్పిన పని చేస్తుంది, ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టదు." చదివి మురిసిపోతాం, ఇండియాకి ఫోన్ చేసి పెద్దవాళ్ళకి వినిపిస్తాం. ఈ మధ్య ఆ మాట చూస్తే నాకు సంతోషం కన్నా గుబులే ఎక్కువగా ఉంటోంది. అందులో మా పిల్ల ఏదీ? పేరు మార్చి ఇంకో నలుగురు పిల్లల కార్డుల మీద రాసినా సరిగ్గా సరిపోతుంది.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు. ఏ క్లాసు చూసినా మనవాళ్ళు కొందరుంటారు. అంతమంది ఉంటే పిల్లలకి ఒంటరితనం ఉండదనుకుంటాం. ఒంటరితనం సంగతేమో గానీ, గుంపులో కలిసిపోవడం మాత్రం సులువవుతుంది. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు తనతోపాటు ఇంకో తెలుగమ్మాయి ఉండేది. ఇద్దరికీ పొడుగు జడలు, ఇద్దరూ లెక్కల్లో ముందు, ఇద్దరూ నెమ్మది. టీచర్ వీళ్ళని తరచూ ఒకరి పేరుతో ఒకరిని పిలిచేవారు. మా అమ్మాయి సరిదిద్దేది కాదు, ఏ పేరుతో పిలిచినా లేచి వెళ్ళేది. ఎందుకమ్మా చెప్పలేదంటే, "టీచర్‌ని తప్పని అనకూడదు కదా" అంది.

ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకపోవడం మర్యాద. అడిగితేనే మాట్లాడటం, నలుగురిలో తన గొప్ప తాను చెప్పుకోకపోవడం మంచి పెంపకానికి గుర్తు. ఆ మర్యాద నాకిష్టం, వదిలేయమని పిల్లలకి ఎప్పుడూ చెప్పను. కానీ ఇక్కడి క్లాసులో చెయ్యెత్తినవాళ్ళకే ముందు అవకాశం. టెక్సస్ చట్టం ప్రకారం నాలుగో తరగతి దాకా క్లాసుకి 22 మంది దాటకూడదు. ఆ 22 మందిలోనూ అల్లరి చేసేవాళ్ళ వెనక, చదవలేకపోతున్నవాళ్ళ వెనక తిరగడంతోనే టీచర్‌కి రోజు గడిచిపోతుంది. మంచి మార్కులు తెచ్చుకుంటూ, గొడవ చేయకుండా కూర్చునే పిల్ల ఆవిడ కంట్లో పడాలంటే ఆవిడే పనిగట్టుకుని చూడాలి.

అలా చూసే పద్ధతులు కొత్తవేమీ కావు. 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల్ని గమనిస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, జవాబు రాకపోతే ఇంకొకరిని అడగడమో తామే చెప్పేయడమో చేస్తున్నారని తేలింది. 3 సెకన్లు ఆగిన క్లాసుల్లో పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లకి ఆలోచనని మాటల్లో పెట్టుకోవడానికి ఆ కాస్త వ్యవధి చాలా పెద్ద సాయం. 1981లో ఫ్రాంక్ లైమన్ చెప్పిన పద్ధతి ఇంకొకటి: ముందు ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాలి, తర్వాత పక్కవాళ్ళకి చెప్పాలి, ఆ తర్వాతే క్లాసు మొత్తానికి. మా అమ్మాయి నాలుగో తరగతి టీచర్ రోజూ ఇదే చేయించేవారు. పక్క పిల్లకి ఒకసారి చెప్పేసిన జవాబు అందరి ముందూ చెప్పడానికి మా అమ్మాయి భయపడేది కాదు.

ఆ టీచర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. రేమండ్ వ్లాడ్కోవ్‌స్కీ పేరు మీద 2×10 అని ఒక పద్ధతి ఉంది. ఒక పిల్లవాడితో రోజుకి 2 నిమిషాలు, వరసగా 10 రోజులు, చదువు ఊసెత్తకుండా వాడికిష్టమైనదేదో మాట్లాడటం. మామూలుగా దీన్ని క్లాసులో బాగా విసిగించే పిల్లల కోసం వాడతారు. ఈవిడ నెమ్మదైన పిల్లలతో కూడా చేసేవారు. అలా మాటల్లో మా పెరట్లో గోంగూర ఉందని ఆవిడకి తెలిసింది. డాలస్ ఎండలకి గోంగూర ఏపుగా పెరుగుతుంది, అక్టోబరు వచ్చేసరికి పూత మొదలవుతుంది. సైన్స్‌లో మొక్కల పాఠం వచ్చినప్పుడు పువ్వున్న కొమ్మ ఒకటి తెమ్మన్నారు. లేత పసుపు రెక్కలు, మధ్యలో ముదురు ఎరుపు. దాని పక్కన బెండపువ్వు, పత్తిపువ్వు బొమ్మలు పెట్టి, మూడూ ఒకే కుటుంబమని చూపించారట. పత్తి అంటే టెక్సస్‌ వాళ్ళకి సొంత పంట, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ పండేది ఇక్కడే. అప్పుడు మా అమ్మాయి చెయ్యి కూడా ఎత్తకుండా "మా తాతయ్య పత్తి వేస్తారు" అనేసిందట.

"ఓ, అలాగా" అని పాఠం ముందుకి సాగిపోవచ్చు. ఈవిడ ఆగారు. తాతయ్యని అడగాల్సిన ప్రశ్నలు క్లాసు మొత్తం చేత రాయించి పంపారు. ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాం. గుంటూరు దగ్గర మా ఊళ్ళో అప్పుడు పొద్దున ఆరున్నర, మా నాన్న చేలోకి బయల్దేరుతున్నారు.

"తాతయ్యా, పత్తి తీసే మెషీన్ ఏ రంగు?"

"మెషీనెక్కడిదే తల్లీ, ఆడకూలీలు చేత్తోనే తీస్తారు. నడుముకి గుడ్డ ఒడిలా కట్టుకుని అందులో వేసుకుంటారు."

గులాబీ రంగు పురుగు కాయలోకి ఎలా దూరుతుందో, కాయ పగిలాక వాన పడితే పత్తి రంగు మారి ధర ఎలా పడిపోతుందో ఆయన చెబుతుంటే, "ఆగు తాతయ్యా, రాసుకుంటున్నా" అని ఇది ఆపుతూ రాసుకుంది. క్లాసులో టెక్సస్‌లోనే లబ్బక్ వైపు పత్తి పొలాల్లో నడిచే పెద్ద యంత్రాల ఫోటో ఒక పక్కన, మా నాన్న పంపిన కూలీల ఫోటో ఇంకో పక్కన పెట్టి మాట్లాడింది. వెనక బెంచీలో ఒకబ్బాయి వాళ్ళ తాతకి కూడా పత్తి పొలం ఉందన్నాడు. ఆ వారమంతా రిసెస్‌లో, అంటే ఆటల విరామంలో, వీళ్ళిద్దరూ పురుగుల గురించే మాట్లాడుకున్నారట.

అరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్, నార్మా గొంజాలెజ్, వాళ్ళతో పనిచేసిన టీచర్లు ఇదే సంగతిని ఇంకా లోతుగా చూశారు. మెక్సికో నుంచి వచ్చిన కార్మికుల ఇళ్ళకి టీచర్లే వెళ్ళి, నేర్చుకునేవాళ్ళలా కూర్చుని, ఆ కుటుంబాలకి ఏం తెలుసో అడిగారు. వ్యవసాయం, గనుల పని, మరమ్మతులు, నాటు వైద్యం, బేరసారాలు అన్నీ బయటపడ్డాయి. వాటిని పాఠాల్లోకి తెచ్చారు. 1992లో వాళ్ళు రాసిన వ్యాసం ఇప్పటికీ టీచర్ల శిక్షణలో చదివిస్తారు. పిల్ల ఇంటి నుంచి తెచ్చేది గోడకి అంటించే అలంకారం కాదని, పాఠానికే పనికొస్తుందని ఆ వ్యాసం అంటుంది. మా నాన్న ఆరున్నరకి చెప్పింది అలాగే పనికొచ్చింది.

స్కూల్లో ఒక్కో దేశంవాళ్ళు తమ బట్టలు, వంటలు చూపించే ఇంటర్నేషనల్ నైట్‌లు నాకూ ఇష్టమే. పట్టుపరికిణీ వేసి, పులిహోర కలిపి నేనూ తీసుకెళ్తాను. న్యూయార్క్ నగరంలో 2024 నవంబరు 1న స్కూళ్ళకి మొదటిసారి దీపావళి సెలవిచ్చినప్పుడు ఇక్కడుండే మేం కూడా సంబరపడ్డాం. కానీ ఒక సాయంత్రం సమోసాతో, ఒక రోజు సెలవుతో ఆ పిల్ల ఎవరో టీచర్‌కి తెలియదు.

ఇంకో సంగతి. అందరు పిల్లలకీ గోంగూరే పనికొస్తుందని కాదు. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. దీపావళి వచ్చిందంటే టీచర్లు "మీ పండుగ గురించి అందరికీ చెప్పు" అంటారు, వాడు తల వంచుకుంటాడు. పదేళ్ళ పిల్లాడి చేత దేశం మొత్తానికి జవాబు చెప్పించడం పెద్ద బరువు. వాడి లోకం బాస్కెట్‌బాల్. ఈ ఏడాది టీచర్‌కి అది తెలుసు. డాలస్ టీమ్ మావెరిక్స్ ఆట జరిగిన మర్నాడు పొద్దున తలుపు దగ్గరే "రాత్రి నాలుగో క్వార్టర్ చూశావా?" అని అడుగుతారు. వాడు బడికి తయారవడంలోనే తేడా కనిపిస్తోంది.

ఇందులో మన పని కూడా ఉంది. ఆగస్టులో స్కూలు తెరవగానే చాలామంది టీచర్లు ఒక ఫారం పంపుతారు, మీ పిల్ల గురించి చెప్పండి అని. మనవాళ్ళలో చాలామంది అందులో కుమాన్ ట్యూషన్‌లో లెవెల్, స్పెల్లింగ్ బీ బహుమతులు రాస్తారు. అవి టీచర్‌కి ఎలాగూ తెలుస్తాయి. తెలియనివి వేరే ఉంటాయి. అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి, ఆరు నెలలు పక్కలో పడుకోబెట్టుకుని కథలు చెప్పి, ఒకరోజు ఎయిర్‌పోర్ట్‌లో చెయ్యూపి వెళ్ళిపోతే, ఆ తర్వాత కొన్ని వారాలు పిల్ల దిగులుగా ఉంటుంది. మా అమ్మ అలా వెళ్ళిన మర్నాడు నేను టీచర్‌కి రెండు లైన్ల ఈమెయిల్ పెట్టాను. ఆవిడ మా అమ్మాయిని ఆ మధ్యాహ్నం అమ్మమ్మకి ఉత్తరం రాసుకోనిచ్చారు.

ఇంకా కష్టమైనవీ ఉంటాయి. నాన్న ఉద్యోగం పోయిందంటే హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న ఇంట్లో, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికో దేశం వదలడానికో 60 రోజుల గడువు మొదలవుతుంది. తలుపులు వేసుకుని మాట్లాడుకున్నా పిల్లలకి వినిపిస్తుంది. ఇల్లు ఖాళీ చేయాలా, ఫ్రెండ్స్‌ని వదిలేయాలా అనే టెన్షన్‌తో వాళ్ళు క్లాసులో కూర్చుంటారు, ఎప్పటిలాగే ఏ ఇబ్బందీ పెట్టకుండా. పరువు పోతుందని మనం స్కూల్లో చెప్పం. వీసా వివరాలు ఎవరికీ చెప్పక్కర్లేదు. "ఇంట్లో కొంచెం కష్టకాలం, పాపని కాస్త కనిపెట్టి ఉండండి" అంటే చాలు.

అక్టోబరులో టీచర్‌తో పిల్లల గురించి మాట్లాడే కాన్ఫరెన్స్‌కి వెళ్ళేవాళ్ళకి నాదొక మనవి. టీచర్ ఇచ్చేదే పదిహేను ఇరవై నిమిషాలు. స్కోర్ల కాగితం ఇంటికి తెచ్చుకుని చదువుకోవచ్చు. ముందుగా, మా పిల్ల లంచ్‌లో ఎవరి పక్కన కూర్చుంటుందో, దేనికి నవ్వుతుందో అడగండి. టీచర్‌కి వెంటనే తోచకపోతే తప్పు పట్టకండి, వారం ఆగి మళ్ళీ ఈమెయిల్ పెట్టండి. ఈలోపు ఆవిడ చూసి ఉంటారు.