మోహనలోకి దూరిన మధ్యమం: ఇంటి రికార్డింగ్ ఇప్పటిదాకా

ఉప్పుటేరు పడవల మీద నేను రాసుకున్న పాట ఎట్టకేలకు నలుగురికి వినిపించే స్థితికి వచ్చింది. మోహన రాగం (స రి గ ప ద, ఐదే స్వరాలు, మధ్యమం అంటే ‘మ’ ఇందులో ఉండదు), ఆరు మాత్రల నడక, ఐదున్నర శ్రుతి (నా ‘స’ ఉండే ఎత్తు). పల్లవి, రెండు చరణాలు, అంతా కలిపి నాలుగు నిమిషాలు. గొంతు నాది, కాకినాడలో మా పడగ్గదిలో పాడింది. తబలా హైదరాబాద్‌లో ఉండే తమ్ముడిది (వరసకు తమ్ముడు, పాటల పరిచయమే). కీబోర్డు, గిటారు డల్లాస్‌లో ఉన్న నా కాలేజీ స్నేహితురాలివి. వయొలిన్ మేష్టారు ఏమీ వాయించలేదు, విని చెప్పారంతే. అయినా పాటలో పెద్ద మార్పులన్నీ ఆయన మాటల వల్లే వచ్చాయి.

గది, మైకు

మైకు షూర్ ఎస్‌ఎం58, డైనమిక్ రకం. కండెన్సర్ మైకు కొనమని చాలామంది చెప్పారు. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకు అందే కరెంటు) ఇస్తే అది గొంతులోని సన్నని వివరం కూడా పట్టుకుంటుంది, నిజమే. మా వీధిలో కూరగాయల బండి కేకను కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. గదికి ఏ ఏర్పాటూ లేనప్పుడు డైనమిక్ మైకే నయం అని నా అభిప్రాయం.

బీరువా తలుపులు బార్లా తీసి, చీరల వైపు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుంటాను. చాలామంది మైకు వెనక దుప్పటి కడతారు గానీ, ఈ రకం మైకు తన ముందువైపు నుంచే ఎక్కువ వింటుంది. అంటే నా వెనకున్న గోడను తాకి తిరిగొచ్చే ధ్వనినే ముందు ఆపాలి. కింద మడత పెట్టిన బొంత, దాని మీద స్టాండు. ఫ్యాను ఆపాల్సిందే, కాబట్టి మే నెలలో తెల్లవారుజామున తప్ప ఇంకెప్పుడూ కుదరదు. అదీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నీళ్ల మోటారు వేసేలోపు.

నోటికీ మైకుకీ మధ్య బెత్తెడు దూరం. పల్లవి ‘పడవ’ అన్న మాటతోనే ఎత్తుకుంటుంది, ఆ ‘ప’ దగ్గర గాలి దబ్బున మైకుకు కొడుతుంది. మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు పెట్టి, మొహం మాత్రం నేరుగా ఉంచితే చాలావరకు పోయింది. ఇంకో సంగతి, తాళం వేయకుండా నాకు పాడటం రాదు. తొడ మీద చెయ్యి పడ్డప్పుడల్లా ముందు గాజుల చప్పుడు, వెంటనే ధబ్‌మని ఇంకోటి. హెడ్‌ఫోన్స్‌లో వింటే అచ్చం ఎవరో పక్కగదిలో పప్పు రుబ్బుతున్నట్టే. ఇప్పుడు గాజులు తీసి, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద వేస్తున్నాను.

సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. తారస్థాయిలో గట్టిగా అందుకున్న చోట కూడా మీటరు -12 డీబీ దాటకుండా గెయిన్ (మైకు సౌండును పెంచే మోతాదు) పెట్టాను. ఈ పాటలో నేను దిగే అడుగు స్వరం మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’), నా శ్రుతికి అది సుమారు 156 హెర్ట్జ్. కాబట్టి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఫిల్టర్‌తో తీసేసినా గొంతుకు నష్టం లేదు. ఫ్రిజ్ రొద, వీధిలో లారీల గుడగుడ అందులోనే చాలావరకు పోయాయి.

ఫైళ్లు పంపడం

పాటను వాట్సాప్‌లో మామూలు ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపుతున్నాను, అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. 24 బిట్ మోనో వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ, నాలుగు నిమిషాల గొంతు ట్రాకు 35 ఎంబీ. అదేమంత బరువు కాదు. వినడానికి మాత్రమే అయితే ఎంపీ3 చాలు. వాయించేవాళ్లకు వేవ్ పంపాలి.

అందరి ట్రాకులూ సున్నా సెకను నుంచే మొదలవ్వాలి, మధ్యలో వాయించేది ఉన్నా సరే. ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) క్లిక్, తర్వాత పాట. ఇలా ఉంటే నా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లోకి లాగి పడేయగానే అన్నీ వాటి చోట కూర్చుంటాయి. ఫైలుతో పాటు చిన్న చీటీ: శ్రుతి, వేగం, సమం (తాళం చుట్టు మొదలయ్యే దెబ్బ) ఎక్కడ పడుతుంది. ఈ మూడోది నన్నడిగితే తప్పనిసరి. నా పల్లవి సమం దాటి రెండు మాత్రల తర్వాత ఎత్తుకుంటుంది. గొంతు ట్రాకు ఒక్కటే వింటే ఎవరైనా ఆ ‘పడవ’నే సమం అనుకుంటారు. తబలా తమ్ముడు చీటీ చదివి, ‘బతికించావక్కా, లేకపోతే పాటంతా రెండు మాత్రలు జరిపి వాయించేసేవాణ్ణి’ అన్నాడు.

ఎవరిని ఏం అడగాలి

ఊరికే పాట పంపి ‘ఎలా ఉంది?’ అంటే ‘సూపర్’ అని వస్తుంది. ఆ సూపర్‌తో ఏ ఫేడరు (ట్రాకు సౌండు మీట) ఎంత జరపాలో తెలియదు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న మాత్రమే పంపుతున్నాను, నిమిషం, సెకను వేసి. తబలా తమ్ముడికి: 1:10 దగ్గర నేను నడక తొందరపెడుతున్నానా? డల్లాస్ స్నేహితురాలికి: చరణంలో గిటారు నా గొంతును కప్పుతోందా? సంగీతంతో సంబంధం లేని మా ఆడపడుచుకు: రెండో చరణం మాటలు రాసి పంపగలవా? ఆవిడ రాసి పంపిన దాంట్లో ‘తెరచాప’ కాస్తా ‘తెర చాటు’ అయింది. అక్కడ గిటారు రెండు డీబీలు తగ్గించాను.

మేష్టారికి మాత్రం ప్రశ్న పంపను. పాత నోకియా ఫోను పోయాక ఈమధ్యే స్మార్ట్‌ఫోను కొన్నారు. సరస్వతీ గానసభ కచేరీల్లో ముందు వరసలో కూర్చుని విన్న చెవి. ఆయనకు తోచింది ఆయన పాడి వినిపిస్తారు, అదే పద్ధతి.

మధ్యమం కథ

ముగ్గురి ట్రాకులూ కలిపిన మొదటి మిక్స్ పంపిన సాయంత్రమే ఆయన దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్. ‘ఏమ్మా, పాట బాగుంది. మోహనలో మధ్యమం ఎవరు పాడుతున్నారు?’

నేనైతే పాడలేదు. ఒక్కో ట్రాకూ విడిగా వింటూ పోతే రెండు చోట్ల దొరికింది.

ఐదున్నర శ్రుతికి షడ్జమం, అంటే ‘స’, కీబోర్డు పేర్లలో జి షార్ప్. మోహనకు మిగతా స్వరాలు రి, గ, ప, ద వరసగా ఎ షార్ప్, సి, డి షార్ప్, ఎఫ్. సి షార్ప్ శుద్ధ మధ్యమం, రాగంలో లేదు. నేను ధైవతం (ద) మీద నిలిచిన చోట కీబోర్డులో సి షార్ప్ మేజర్ కార్డ్ (ఒకేసారి మోగే మూడు స్వరాలు) పడింది. అందులో సి షార్ప్, ఎఫ్, జి షార్ప్ ఉంటాయి. నా ధైవతం దాంట్లో చక్కగా ఇమిడిపోతుంది కాబట్టి కార్డ్‌లు వాయించేవాళ్ల చెవికి అది సహజమే. దాని బదులు ఎఫ్ మైనర్ వేస్తే ధైవతం, షడ్జమం, గాంధారం, మూడూ రాగంలోవే. లెక్క వేసి చూస్తే మోహనలో పూర్తిగా ఇమిడే మేజర్, మైనర్ కార్డ్‌లు ఈ రెండే: షడ్జమం మీద మేజర్, ధైవతం మీద మైనర్. పంచమం మీద మేజర్ వేస్తే నిషాదం వచ్చేస్తుంది. మిగతా చోట్ల సస్‌టూ, సస్‌ఫోర్ రకాలతో (కార్డ్‌లో మధ్య స్వరం బదులు దాని పక్క స్వరం వేసేవి) నెట్టుకురావాలి.

రెండోది నాకు తట్టనిది. తమ్ముడి కుడి తబలా సి షార్ప్‌లో కలిపి ఉంది. చాలామంది దగ్గర తబలా ఆ శ్రుతిలోనే ఉంటుంది, ఒకటిన్నర శ్రుతి మగ గొంతుకు అది షడ్జమం. నా పాటలో మాత్రం ‘నా’ అనే తబలా బోలు పడ్డ ప్రతి దెబ్బకూ మధ్యమం మోగుతోంది. తబలా అంటే లయే అనుకుని దాని స్వరం ఎవరూ పట్టించుకోం. చిన్న ముఖం తబలా తీసి డి షార్ప్‌కు, అంటే నా పంచమానికి, బిగించి మళ్లీ వాయించి పంపాడు. పాట మొత్తం ఎత్తు పెరిగినట్టయింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఒక్క మార్పుతో ఇంత తేడా ఇంకెక్కడా వినపడలేదు.

కార్డ్ విషయంలో డల్లాస్ ఒప్పుకోలేదు. ‘ఇదేమన్నా కచేరీనా? లలితగీతమేగా. ఆ కార్డ్ దగ్గరేనే నాకు ఒళ్లు జలదరించింది’ అంది. అదీ కొట్టిపారేసే మాట కాదు. లలిత సంగీతంలో అన్యస్వరం (రాగంలో లేని స్వరం) భావం కోసం వస్తే ఎవరూ కాదనరు. చివరికి పల్లవి, మొదటి చరణం అంతా రాగానికి కట్టుబడి, రెండో చరణం చివర పడవ తిరిగి రాని పాదం దగ్గర ఒక్కసారి మాత్రం సి షార్ప్ మేజర్ ఉంచాను. మేష్టారు విని ‘నీ ఇష్టం’ అన్నారు. అది ఒప్పుకోలు కాదని నాకు తెలుసు, అయినా ఉంచాను.

చిన్న చిన్నవి

పిచ్ సరిచేసే ప్లగిన్‌ను ఆటోమేటిక్‌గా పెట్టి వదిలేస్తే మన పాటకు పనికిరాదు. రిషభం నుంచి గాంధారానికి వెళ్లే జారును అది దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి లాగేస్తుంది, గమకం చచ్చిపోతుంది. శ్రుతి తప్పిన పాదం మళ్లీ పాడుకోవడమే తక్కువ పని.

ఎ, బి అని రెండు మిక్స్‌లు పంపి ఏది బాగుందని అడిగేటప్పుడు రెండింటి సౌండు సమానంగా ఉండాలి. లేకపోతే ఎవరైనా గట్టిగా ఉన్నదే బాగుందంటారు. రీపర్ చివరి ఫైలు తయారుచేసేటప్పుడు ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే సౌండు) కొలత చూపిస్తుంది, రెండూ -14 దగ్గరికి తెచ్చి పంపాను. అంతకుముందు అందరూ ‘బి’ అన్నవాళ్లే, సమానం చేశాక చెరో వైపు చీలిపోయారు.

గొంతును వెడల్పు చేసే స్టీరియో ఎఫెక్టు హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా ఉంది, ఒక్క స్పీకరున్న ఫోనులో పెడితే గొంతు వెనక్కి పోయింది. తీసేశాను. మా చుట్టాలంతా వినేది ఫోనులోనే.

మిగిలిన పని

ఈ పాటలో ‘స’కారాలు ఇంకా కొంచెం గుచ్చుకుంటున్నాయి. వాటి పదును తగ్గించే డీఎస్సర్‌తో ఆరు, ఏడు కిలోహెర్ట్జ్ దగ్గర మెల్లగా తగ్గించి చూడాలి. మొదటి చరణం ముందు నా ఊపిరి పీల్పు పూర్తిగా కోసేస్తే పాట ఉలిక్కిపడి మొదలైనట్టుంది, సగానికి తగ్గించి ఉంచుతాను.

తర్వాతది జోలపాట, హిందోళంలో, శ్రుతి ఇదే. దాంట్లో పంచమం లేదు కాబట్టి తంబూరా యాప్‌లో పంచమం తీసి మధ్యమం పెట్టుకున్నాను. తబలా తమ్ముడికి ఈసారి పెద్ద శ్రమ లేదు, హిందోళానికి మధ్యమం కావలసిందే, వాడి సి షార్ప్ తబలా అలాగే తెచ్చుకోవచ్చు. కార్డ్‌లకు సి షార్ప్ మైనర్, ఇ మేజర్ సరిపోతాయి. జి షార్ప్ మైనర్ వద్దని డల్లాస్‌కు ముందే మెసేజ్ పెట్టాను, అందులో పంచమం ఉంది. చూసింది గానీ ఇంకా జవాబివ్వలేదు.